తారషడ్జం దగ్గర చిన్న దగ్గు

మాస్టారు పోయారన్న కబురు మా పాత సంగీతం క్లాసు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చింది. దానికి మొదటి జవాబు బొటనవేలు. ఎవరో నిద్రకళ్లతో నొక్కి ఉంటారు. తర్వాత తీసేశారు కానీ, ఏదో తీసేసిన సంగతి గ్రూపు దాచుకోదు కదా, ఆ మచ్చ అక్కడే ఉండిపోయింది. దాని కింద దండాలు, పూలు, దీపాలు వరస కట్టాయి. మధ్యాహ్నానికి సుజాత అక్క ఒక మాట పెట్టింది. మాస్టారికి మాటలతో నివాళి ఏమిటి, ఒక్కొక్కరం ఒక్కో పాట పాడి గ్రూపులో పెడదాం అని. సుజాత అక్క బ్యాంకులో పనిచేస్తుంది. ఆమె అన్నదంటే గడువు ఉన్నట్టే. సాయంత్రానికి పాటలన్నీ వచ్చేశాయి.

అశోక్‌నగర్‌లో మా హాస్టల్ కింద మెస్సులో కూర్చుని, సాంబారు అన్నం ముందు పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కొక్కటీ విన్నాను. అందరి పాటా ఒకేలా మొదలైంది. "రెండ్రోజులుగా గొంతు బాగాలేదు, తప్పులుంటే మన్నించాలి." ఇంకొకరికి ఆఫీసు ఏసీ పడలేదు. ఇంకొకరికి పక్కింట్లో దుమ్ము. అక్కకు జలుబు. ఒక ఊళ్లో ఇంతమంది గొంతులు ఒకేరోజు పాడైతే మున్సిపాలిటీవాళ్లు వచ్చి మంచినీళ్లు పరీక్షకు పట్టుకెళతారు. ఆ మాట గ్రూపులో పెడదామని సగం టైపు చేశాను కూడా. అప్పుడు తట్టింది, ఆ వాక్యాలు ఎవరివో. ఏ ఒక్కటీ వాళ్ల సొంతం కాదు. పాటతో పాటు మాస్టారు నేర్పినవే. 'గొంతు' తర్వాత కాస్త ఆగడం, 'మన్నించాలి' దగ్గర స్వరం తగ్గించడం, అంతా ఆయనదే.

నేను పాట పెట్టలేదు. ఆ రోజు నా గొంతు శుభ్రంగా ఉంది. అంతమంది జలుబుల మధ్య ఆ సంగతి బయటపెట్టడానికి సిగ్గేసింది. అందుకని ఇది రాస్తున్నాను.

మాస్టారిది చిక్కడపల్లిలో గ్రంథాలయం వెనక సందు. కింద ఇంటివాళ్లు, పైన ఆయన కిరాయికున్న ఒక గది, గది ముందు రేకుల షెడ్డు. క్లాసు ఆ షెడ్డులోనే. తండ్రి ఏదో ప్రభుత్వ కార్యాలయం ఇక్కడికి మారితే దాని వెంట గోదావరి వైపు నుంచి వచ్చారట. ఈయన పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. రోహిణీ కార్తెలో కూడా మెడకు మఫ్లర్. చెవులు మూసేలా రెండు చుట్లు చుట్టి కొసలు చొక్కాలోకి దోపేవారు. చొక్కా జేబులో ఒక చిన్న స్టీలు డబ్బీ, అందులో పటికబెల్లం, మిరియాలు, అతిమధురం పుల్లలు. పెరుగు ముట్టరు. ఫ్యాను కింద కూర్చోరు. మేం మాత్రం ఫ్యాను కిందే కూర్చోవాలి, లేకపోతే రేకుల వేడికి ఉడికిపోతాం. అందుకని ఆయన ఒక మూల, మేం మధ్యలో. కొత్తగా వచ్చినవాళ్లెవరికైనా ఆయనేదో తప్పు చేస్తే మేమే ఆయన్ను మూల కూర్చోబెట్టామేమో అనిపించేది.

నేను అక్కడికి వెళ్లింది సంగీతం మీద ప్రేమతో కాదు. ఊళ్లో భజన మండలిలో పాడేవాణ్ణి, అంతే. గ్రూప్-2 కోసం అశోక్‌నగర్ వచ్చాక పాట మానేశాను. రీడింగ్ హాల్లో పాడితే బయటికి పంపుతారు. ఒత్తిడి తగ్గాలంటే ఏదైనా ఒక హాబీ పెట్టుకోండని యూట్యూబులో ఒక గైడెన్స్ సార్ చెప్పాడు. ఆయన చెప్పిన కరెంట్ అఫైర్స్ పరీక్షలో ఎప్పుడూ రాలేదు కానీ, ఈ ఒక్కటి పట్టుకున్నాను.

మొదటిరోజు ఏం పాడతావని అడిగారు మాస్టారు.

"భజనలు పాడుతుంటి సార్, మా ఊర్ల."

మిగతా అందరూ ఆయన్ను మాస్టారూ అనేవారు. నాకు పాఠం చెప్పేవారెవరైనా సారే. ఆయన అభ్యంతరం చెప్పలేదు. పాడమన్నారు. కళ్లు మూసుకుని పాడాను. భజనలో అందరితో కలిసి అరిచే అలవాటు కదా, కింద ఇంటివాళ్ల కుక్క కూడా ఒకసారి అందుకుంది. మాస్టారు చివరిదాకా విని, "గొంతుంది" అన్నారు. ఆ వెంటనే, "జాగ్రత్త" అన్నారు. షుగర్ ఉంది జాగ్రత్త అని డాక్టరు చెబుతాడే, అచ్చం అలాగే.

ఆయన దృష్టిలో గొంతు ఉండటం ఒక జబ్బు. ఎప్పుడు తిరగబెడుతుందో తెలియదు. అందుకని ముందుజాగ్రత్తగా ఎప్పుడూ కాస్త ఒంట్లో బాగాలేకుండా ఉండేవారు. అపార్టుమెంటు గుళ్లోనో, ఎవరింటి వ్రతంలోనో పాడమని పిలుస్తారు. పిలుపు వచ్చిన రోజు నుంచే నలతగా ఉండేది. ముందు రాత్రి నిద్ర ఉండదు. ఆ రోజు మంచినీళ్లు తప్ప ఏమీ దిగదు. పాడే ముందు గణపతి స్తుతి కంటే ముందుగా మనవి చేసుకునేవారు, గొంతు సరిగా లేదని, పెద్దలు మన్నించాలని. ఎండాకాలమైతే వడదెబ్బ, వానాకాలమైతే ముసురు, చలికాలానికి వేరే వివరణ అక్కర్లేదు. ఏడాదికి ఇంకో కాలం ఉంటే ఆయన దానికీ ఒక కారణం సిద్ధం చేసుకుని ఉండేవారు.

తీరా పాడితే? బాగా పాడేవారు. చాలా బాగా. వ్రతం కోసం వచ్చి ప్రసాదం కోసం చూస్తున్నవాళ్లు కూడా విస్తరాకు కింద పెట్టి వినేవారు. అయ్యాక ఎవరో ఒకరు వచ్చి, "గొంతు బాగాలేకపోయినా ఎంత బాగా పాడారండీ" అనేవారు. ఆ సాయంత్రం మాస్టారి ముఖం చూడాలి. చిక్కడపల్లి నుంచి ఎక్కడికైనా నడిచి వెళ్లిపోగలరన్నట్టు ఉండేది. మర్నాడు క్లాసుకు వెళితే మళ్లీ మామూలే. "పాపం, ఒంట్లో బాగాలేదని జాలిపడి అన్నారోయ్" అనేవారు. ఆలోచిస్తే ఆ ఏర్పాటు చాలా పకడ్బందీగా ఉండేది. పాట చెడితే తప్పు గొంతుది. కుదిరితే మెచ్చుకోలు జాలిది. రెంటిలో ఏదీ ఆయన దాకా వచ్చేది కాదు.

నవ్వుకున్నాను కానీ, నాకిది కొత్త కాదు. అశోక్‌నగర్ మొత్తం ఈ పద్ధతి మీదే నడుస్తుంది. మాక్ టెస్టుకు వెళ్లే ముందు మెట్ల మీద ఎవర్ని కదిపినా, అన్నా ఈసారి అసలు చదవలేదంటాడు. నిన్నంతా జ్వరమంటాడు. తెల్లారేదాకా చదివి కళ్లు ఎర్రబడ్డవాడు కూడా కళ్లకలక అంటాడు. అన్నీ చదివిన, ఇది నాకొస్తది అని చెప్పి లోపలికి పోయినవాణ్ణి నేను ఇప్పటిదాకా చూడలేదు. అలాంటివాడు ఒకడుంటే హాస్టల్లో అందరం కలిసి వాడికి దిష్టి తీయించేవాళ్లం. అందుకని మాస్టారి దగ్గర నాకు చాలా ఇంట్లో ఉన్నట్టు ఉండేది.

ఆయనకు ఈ భయం ఎందుకు పట్టుకుందో క్లాసులో రకరకాల కథలుండేవి. చిన్నప్పుడు రేడియో ఆడిషన్‌లో గొంతు చీలిందని ఒకటి. పెళ్లిచూపుల్లో పాడి అమ్మాయివాళ్లను పోగొట్టుకున్నారని ఒకటి. గురువుగారు నలుగురిలో ఏదో అన్నారని ఇంకొకటి. కారణం తెలిస్తే భయం పోదు కాబట్టి పరిశోధన అక్కడ ఆపేశాం. మాకు తెలిసింది ఒకటే. క్లాసు అయిపోయి, మేం మెట్లు దిగిపోయామనుకుని చాపలు చుట్టుకుంటూ ఆయన తనలో తాను పాడుకునేవారు. మేం దిగేవాళ్లం కాదు. చెప్పులు చేతిలో పట్టుకుని మెట్ల మీద నిలబడి వినేవాళ్లం. అలాంటి గొంతు నేను మళ్లీ దగ్గరగా వినలేదు. ఒకసారి నేను తుమ్మాను. పైన పాట ఆగిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు మేం సందు చివరిదాకా వెళ్లాకే చాపలు చుట్టేవారు.

ఇప్పుడు దగ్గు సంగతి.

కల్యాణి రాగంలో ఒక కీర్తన నేర్పేవారు. అందరికీ అదే మొదటి పెద్ద కీర్తన. అందులో చరణం మెట్టు మెట్టుగా ఎక్కి పై స్థాయి 'స' దగ్గరికి పోతుంది. దాన్నే తారషడ్జం అంటారు. అక్కడ నిలబడాలి. పాటంతా ఆ నిలబడటం కోసమే కట్టినట్టుంటుంది. మాస్టారు దాని కింది మెట్టు దాకా చక్కగా ఎక్కేవారు. అక్కడ చిన్నగా దగ్గేవారు. కుడిచెయ్యి పైకి లేచేది, చూపుడువేలు రేకుల కప్పును చూపేది. ఆ కాసేపూ శ్రుతిపెట్టె ఒక్కటే మోగేది. తర్వాతి మాట దగ్గర మళ్లీ అందుకుని దిగివచ్చేవారు.

మాకు రాసుకోవడం లేదు. ఆయన పాడాలి, మేం పాడాలి. ఆయన ఎలా పాడితే అలా. అలా నేర్చుకోవడమే ఈ విద్య గొప్పతనమని ఆయనే చెప్పారు. మేం గొప్పగా నేర్చుకున్నాం. ఎక్కేవాళ్లం, దగ్గేవాళ్లం, చెయ్యి ఎత్తేవాళ్లం, దిగేవాళ్లం. సుజాత అక్క తాళం వేసి చూసి, ఆ దగ్గు సరిగ్గా సగం ఆవర్తనంలో కూర్చుంటోందని తేల్చింది. అంటే తాళం ఒక చుట్టు తిరిగే సమయంలో సగం. అంత లెక్కగా ఉన్నది తప్పెలా అవుతుంది? తర్వాత చేరినవాళ్లకు మేమే చెప్పేవాళ్లం, ఇక్కడ దగ్గాలి అని. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె దగ్గు సరిగ్గా రావడంలేదని ఇంటి దగ్గర సాధన చేసి వచ్చింది. వాళ్లమ్మ సిరప్ పట్టిందట.

నేను పసిగట్టి ఊరుకున్నాననుకునేరు. లేదు. నేనూ దగ్గాను, అందరికంటే బాగా. మా ఊరి భజనలో లేని శాస్త్రీయత ఏదో ఇదేనేమో అనుకున్నాను.

చిక్కడపల్లిలో ఉన్న సభల్లో ఏడాది పొడుగునా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఆ ఏడు ఒకచోట సంగీతం నేర్చుకునేవాళ్లకు పోటీ పెట్టారు. ఒక్కో గురువు శిష్యులు కలిసి ఒక కీర్తన పాడాలి. మాస్టారు వద్దన్నారు. మేం బతిమాలాం. పిల్లల తల్లులు ఫోన్లు చేశారు. సరేనన్నారు కానీ వేదిక ఎక్కనన్నారు. నడవ పక్క సీటులో, పాట చెడితే తొందరగా లేచి వెళ్లడానికి వీలుగా కూర్చున్నారు.

సభ తీరు తెలిసిందే. పాటల కంటే ముందు మాటలు, మాటల కంటే ముందు శాలువాలు. మైకు ఎవరి చేతిలోకి వెళ్లినా కీచుమనేది. న్యాయనిర్ణేత నారాయణగూడలో ఉండే ఒక పెద్దావిడ, పేరున్న గాయని. ముందు వరుసలో నిటారుగా కూర్చుని, ప్రసంగాలు జరిగినంతసేపూ తొడ మీద తాళం వేసుకుంటూ ఉంది. ఉపన్యాసాలకు కూడా తాళం కుదురుతుందని నాకు అప్పుడే తెలిసింది.

మా వంతు వచ్చింది. ఒక వరసలో కూర్చున్నాం. మొదలు బాగానే పెట్టాం. శ్రుతి కలిసింది. అక్క తాళం గడియారంలా ఉంది. చరణం ఎక్కాం. ఆ చోటుకు చేరాం. అందరం ఒక్కసారి దగ్గాం. అందరి చేతులూ ఒక్కసారి పైకి లేచాయి, అన్ని వేళ్లూ హాలు కప్పును చూపాయి. ముందు వరుసల్లో కొందరు పైకి చూశారు, ఏమైనా ఊడిపడుతోందేమోనని. హాలు అంతా నిశ్శబ్దం, శ్రుతిపెట్టె మోత. తర్వాత అందరం కలిసి దిగివచ్చాం, ఏమీ జరగనట్టు. మాకు నిజంగా ఏమీ జరగలేదు.

వెనక ఎక్కడో నవ్వు మొదలైంది. నవ్వు అంటుకునేదే కదా. వ్యాఖ్యాత తెలివిగా, పిల్లలకు మంచినీళ్లు ఇవ్వండి అన్నాడు. అది ఇంకో నవ్వు. పెద్దావిడ నవ్వలేదు. పాట అయ్యాక మైకు అడిగి తీసుకుంది. గురువు నుంచి శిష్యుడికి వచ్చే పాట తీరును పాఠాంతరం అంటారు. ఒకే కీర్తన ఒక్కో ఇంట ఒక్కోలా ఉంటుంది, దాన్ని గౌరవించాలి. ఆవిడ ఆ గౌరవంతోనే అడిగిందని ఇప్పటికీ నమ్ముతాను.

"శ్రుతి బాగుంది, తాళం బాగుంది. ఆ దగ్గు ఎవరి పాఠాంతరం, పిల్లలూ?"

హాలు ఘొల్లుమంది. మేం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం. ఆ చూసుకోవడంలో అందరికీ ఒకేసారి అర్థమైంది. అక్క ముఖం పాలిపోయింది. ఎనిమిదో తరగతి పిల్ల చెయ్యి ఇంకా సగం పైకే ఉంది, దించడం మరిచిపోయింది. నాకు అలాంటి చోట ఏదో ఒక మాట అనకుండా ఉండటం చేతకాదు. నోరు తెరిచాను.

నేను ఏదో అనేలోపే నడవ పక్క సీటులోంచి మాస్టారు లేచి నిలబడ్డారు.

"నాదేనండి," అన్నారు.

మైకు లేకపోయినా అందరికీ వినపడింది. చెప్పానుగా, మంచి గొంతు. నవ్వు ఆగిపోయింది. ఆయన అలవాటు కొద్దీ, "గొంతు కాస్త..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఆ వాక్యం పూర్తికాకపోవడం నేను చూడటం అదే మొదలు. కూర్చున్నారు. ఆయన కూర్చున్నాక పెద్దావిడ, "కూర్చోండి మాస్టారూ" అంది.

అక్కడితో అయిపోతే బాగుండును. కానీ సభ ఆనవాయితీ ఒకటుంది, శిష్యులు పాడాక గురువును వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాలి. శాలువాలు ముందే తెచ్చి పెట్టారు, మానడానికి లేదు. వ్యాఖ్యాత పిలిచాడు. ఆయన నడవ వెంట నడిచి వచ్చారు. మెట్లెక్కారు. మఫ్లర్ మీద శాలువా కప్పారు. ఫొటో కోసం మమ్మల్ని చుట్టూ నిలబెట్టారు. ఆ ఫొటో గ్రూపులో ఇప్పటికీ ఉంది. అందులో మేమంతా ఆయన్ను తప్ప మిగతా అన్నిటినీ చూస్తున్నాం.

మనిషి మీద నవ్వితే తట్టుకోవచ్చు. ఆ మనిషి దాచుకున్నదాన్ని ఆయన పిల్లలే వరసలో కూర్చుని, భక్తిగా, శ్రుతి తప్పకుండా పాడి వినిపిస్తే ఎలా ఉంటుందో నాకు ఊహకు రాదు. మేం తప్పేమీ చేయలేదు. చెప్పింది చెప్పినట్టు చేశాం. అయినా ఆ రాత్రి పళ్లు తోముకుంటూ అద్దంలో నా ముఖం చూడబుద్ధి కాలేదు.

తర్వాతి క్లాసుకు అందరం వెళ్లాం. ఎవరూ మానలేదు. మానితే అర్థం వేరుగా ఉంటుందని అక్క అందరికీ ఫోన్ చేసి చెప్పింది. మాస్టారు తలుపు వెయ్యమన్నారు. కిటికీ కూడా. రేకుల షెడ్డు పొయ్యిలా అయింది. శ్రుతిపెట్టె పెట్టారు. మనవి లేదు, వాతావరణం ప్రస్తావన లేదు. "ఆ చోట ఏముందో మీకెప్పుడూ వినిపించలేదు, ఇవాళ వినండి" అని చరణం ఎత్తుకున్నారు.

ఎక్కారు. ఆ మెట్టు దగ్గరికి వచ్చారు. దగ్గలేదు. పైకి వెళ్లారు. గొంతు నిలువునా చీలింది. పాత గుడ్డ చిరిగినట్టు ఒక శబ్దం వచ్చి ఆగింది.

"ఇదీ సంగతి," అన్నారు. ముఖం అంతా చెమట. "ఇంతే. ఇప్పుడు మీరు పాడండి."

అక్క పాడింది. ఆమె గొంతు ఆ చోట చీలింది. పిల్ల పాడింది, ఆ పిల్ల గొంతూ అక్కడే చీలింది. మిగతావాళ్లు పాడారు. నేను పాడాను. ఊరి పొలిమేర దాకా వినపడేలా అరిచిన గొంతు నాది, ఆ చోటికి రాగానే నాదీ సరిగ్గా ఆయనలాగే చిరిగింది. ఆయన ఎలా పాడితే అలా కదా. మేం మంచి శిష్యులం.

నవ్వొచ్చే సంగతే. వేరే ఎవరైనా చెబితే పొట్ట పట్టుకునేవాణ్ణి. మాస్టారు ఒక్కొక్కరినీ వింటున్నకొద్దీ ఆయన ముఖంలో ఏదో తెలిసివస్తోంది. చివరికి శ్రుతిపెట్టె ఆపేశారు. తన దగ్గర ఇక నేర్చుకోవద్దన్నారు. మెల్లగా, చాపలు చుట్టమని చెప్పినట్టు. మేం ఎక్కడికీ పోమని అక్క తెగేసి చెప్పింది. వాదన జరిగింది. పిల్ల ఏడ్చింది. ఆఖరికి ఆయన నా వైపు చూపించి, ముందు వీణ్ణి తీసుకెళతానన్నారు. గొంతున్నవాడు, తొందరగా పాడైపోతాడని.

తీసుకెళ్లింది ఎక్కడికో కాదు, నారాయణగూడలో ఆ పెద్దావిడ ఇంటికే. నలుగురిలో తనను నిలబెట్టిన మనిషికి తనే ఫోన్ చేసి, మా కుర్రాడొకడున్నాడు వింటారా అని అడిగారు. చిక్కడపల్లి నుంచి నడిచే వెళ్లాం. ఆయన ముందు, నేను వెనక. మామూలుగా దారి పొడుగునా ఏం తినకూడదో చెప్పే మనిషి మిర్చి బజ్జీల బండి ముందు నుంచి కూడా తల తిప్పకుండా నడిచారు. నేను రెండు మూడు జోకులు వేశాను. బస్సుల మోతలో కలిసిపోయాయి.

గేటు దగ్గర ఆగిపోయారు.

"పైకి వెళ్లు. నేను రాను."

"మీరు లేకుండ ఎట్ల సార్?"

"నేనుంటే నన్ను చూస్తావు. నన్ను చూస్తే దగ్గుతావు."

పైన ఆవిడ నన్ను చాప మీద కూర్చోబెట్టింది. ఏ ఊరని అడిగింది, ఏం చదువుతున్నావంది. పాలిటీలో ఎన్ని మార్కులు వస్తున్నాయో కూడా అడిగింది. ఆవిడ మనవడు కూడా గ్రూప్-2 రాస్తున్నాడట. ఆ మాటల మధ్యలోనే, బల్ల మీద గ్లాసు పెట్టినంత మామూలుగా, ఆ తారషడ్జం పాడి వినిపించి, ఏదీ అను, అంది. అన్నాను.

వచ్చింది. ఎక్కడా ఏమీ చిరగలేదు. నిలబడింది. నేనే ఆపాలేమో, అది ఆగేలా లేదు. మళ్లీ అనమంది. మళ్లీ వచ్చింది. గ్రూప్స్ కంటే ఎక్కువ భయపడిన స్వరం, కనీసం హాల్‌టికెట్ కూడా అడగకుండా లోపలికి రానిచ్చింది. ఆవిడ తల ఊపి, చరణం మొత్తం పాడించింది. నేర్పినాయన బాగా నేర్పారంది, ఆ ఒక్కచోటు తప్ప. శుక్రవారం నుంచి రమ్మంది.

నాకు సంతోషం వేయాలి. మెట్లు దిగుతుంటే ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది. ఆయన జీవితమంతా చుట్టూ తిరిగి వచ్చిన చోటు మీద, నేను కాళ్లు చాపుకుని కూర్చుని వచ్చాను. అది కష్టంగానైనా వచ్చి ఉంటే బాగుండేది. కనీసం రెండుసార్లు తప్పి ఉంటే కింద నిలబడ్డ మనిషికి ఏదైనా చెప్పుకోవడానికి ఉండేది.

మాస్టారు గేటు పక్కన ఇస్త్రీ బండి నీడలో నిలబడి ఉన్నారు. మఫ్లర్ విప్పి చేతికి చుట్టుకున్నారు. చెవులు బయటికి కనిపిస్తున్నాయి. ఆయన చెవులు నేను సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

"ఎలా పాడావు?"

"ఏదో సార్. గొంతు జర పట్టేసినట్లుండె. పొద్దున మెస్సుల పెరుగు తిన్న."

అబద్ధం అనుకోకుండానే వచ్చింది, ఆయన దగ్గర నేర్చుకున్న కీర్తనల కంటే తేలిగ్గా.

"విన్నాను నేను," అన్నారు. "మూడుసార్లూ విన్నాను."

నేను నేల చూశాను.

"బాగా పాడానని చెప్పు."

"మీరు అనుండ్రి సార్, చాలు. ఇద్దరం అంటే ఎక్కువైతది."

ఆయన నవ్వలేదు. "నేనంటే నువ్వు నమ్మవు. ఎవరంటే నేను నమ్మాను? నువ్వే అనాలి."

"బానే పాడిన సార్."

"బానే కాదు."

"మంచిగ పాడిన."

"నీ చెప్పులకు చెబుతున్నావా?"

చెవులు కాలిపోతున్నాయి. రోడ్డు మీద, పట్టపగలు, జనం పోతుంటే, తన గురించి ఆ మాట అనగలిగి ఉంటే ఇంత దూరం నడిచి వచ్చే అవసరమే ఉండని మనిషి ముందు నిలబడి, నేను ఆ మాట అనాలి. తల ఎత్తాను. ఆయన ముఖం చూసి, గట్టిగా అన్నాను.

"మంచిగ పాడిన సార్."

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏడ పాడినవ్ తమ్మీ?" అన్నాడు. నేను మాస్టారినే చూస్తున్నాను. మాస్టారి పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. పాఠం చెప్పేటప్పుడు మేం ఆయన వెనక ఎలా అనుకునేవాళ్లమో అలాగే, నేనన్న మాటనే, తన భాషలో, బాగా పాడాను అని. సగం దాకా వచ్చి ఆగిపోయాయి.

నేను ఇంకొకసారి అన్నాను, ఈసారి నెమ్మదిగా, ఆయన అందుకోవడానికి వీలుగా.